చిట్టడవిని చదును చేసి లాన్ వేస్తామంటున్నారు: విశ్వవిద్యాలయం తన నేలను ఎలా కాపాడుకోవాలి?

మోదుగపూలు_72
నేను రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధిస్తాను. ఇంకా అక్కడే ఉద్యోగం చేసుకోవాలి కాబట్టి పేరు చెప్పడం లేదు. బాలుర వసతి గృహాల వెనుక, గుట్ట వాలున, సుమారు నలభై ఎకరాల చిట్టడవి ఉంది. వేసవిలో చూసేవారికి ముళ్ళూ రాళ్ళూ తప్ప మరేమీ కనిపించని ఆ నేలలో బలుసు, పరికి, కలివి, తంగేడు, చండ్ర, అక్కడక్కడ మోదుగ, వాటి మధ్య ఖాళీల్లో బోదగడ్డి ఉన్నాయి. కౌజులు, పూరేడు పిట్టలు, ఉడుములు, నక్షత్ర తాబేళ్ళు అక్కడ బతుకుతున్నాయి. రాత్రిపూట నక్కల కూత వినని విద్యార్థి మా దగ్గర లేడు.

విశ్వవిద్యాలయాలను పరిశీలించి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రాబోతోంది కాబట్టి ఈ నలభై ఎకరాల్లో పొదలన్నీ తొలగించి, ముందు భాగంలో లాన్ వేసి, వెనుక భాగంలో కోనోకార్పస్ మొక్కలూ రాయల్ పామ్‌లూ నాటాలని నిర్ణయించారు. దీనికి పెట్టిన పేరు "హరిత ఆవరణ". అభ్యంతరం చెబితే, "అది ఖాళీ స్థలమే కదా మేడమ్, మేము పచ్చదనం పెంచుతుంటే మీరే అడ్డుపడతారా?" అని ఒక పెద్దాయన నన్నే అడిగారు. మొక్కలు నాటండి, అవగాహన సదస్సు పెట్టండి వంటి సలహాలు దయచేసి వద్దు. ఒక విశ్వవిద్యాలయం తన చేతిలో ఉన్న నేలనూ దాని మీది జీవాలనూ నిజంగా కాపాడాలంటే ఏం చేయాలి? ఎక్కడైనా చేశారా?

పాలపిట్ట
కోనోకార్పస్ మాట వినగానే ఒళ్ళు మండింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది, తెలంగాణలోనూ నాటడం ఆపమన్నారు, అయినా మన నర్సరీల్లో అదే ముందు వరుసలో కనిపిస్తోంది. ఒకే ఒక్క ప్రశ్న: ఆ నలభై ఎకరాల్లో ఏమేమి ఉన్నాయో తేదీలతో సహా రాసిపెట్టిన జాబితా మీ విభాగంలో ఉందా?

రిటైర్డ్_ఏఈ
నేను ఇలాంటి ఆవరణల పనులే చూసి పదవీ విరమణ చేశాను కాబట్టి అవతలి పక్షం మాట కూడా వినండి. పొదల్లోంచి పాము వసతి గృహంలోకి వస్తే తల్లిదండ్రులు ఫోన్ చేసేది వృక్షశాస్త్ర విభాగానికి కాదు, ఇంజనీరింగ్ విభాగానికి. న్యాక్ ఏడవ ప్రమాణంలో హరిత ఆవరణకూ, హరిత తనిఖీకీ మార్కులు ఉన్నాయి. నాటిన మొక్కలకు బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఎవరూ నాటకుండా తనంతట తాను మొలిచిన కలివి పొదకు ఏ బిల్లు చూపించమంటారు? పైగా మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది. అధికారులు దుర్మార్గులై చేస్తున్న పని కాదిది, కాగితాలు అలా తయారై ఉన్నాయి.

రాళ్ళగుట్ట
ఏఈ గారు కాగితాల మాట ఎత్తారు కాబట్టి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సంగతి చెబుతాను. నేను అక్కడ చదువుకున్నాను. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన ఆ సంస్థకు సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. కానీ రెవెన్యూ దస్త్రాల్లో యాజమాన్యం విశ్వవిద్యాలయం పేరుకు మారలేదు. స్టేడియం అనీ బస్సు డిపో అనీ ఇతర సంస్థలనీ ముక్కముక్కగా నేల పోతూ వచ్చింది. కంచ గచ్చిబౌలి 25వ సర్వే నంబరులోని 400 ఎకరాలను 2003-04 కాలంలో ఐఎంజీ భారత అనే సంస్థకు క్రీడా సదుపాయాల కోసం ఇవ్వడం, 2006లో ఆ కేటాయింపు రద్దు కావడం, కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగిన వివాదం 2024లో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా ముగియడం అందరికీ తెలిసిందే.

2025 మార్చి 30న యంత్రాలు లోపలికి వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి ఆపించే సరికి సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. ఆ కొద్ది రోజుల్లో విద్యార్థుల చేతిలో ఉన్నది యాజమాన్య పత్రం కాదు. ఏళ్ళుగా కొందరు పిల్లలూ పక్షి ప్రేమికులూ తెల్లవారుజామున తిరిగి రాసుకున్న జాబితాలు ఉన్నాయి: 230కి పైగా పక్షి జాతులు, చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్ళు, హైదరాబాద్ పేరే పెట్టుకున్న మురీసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు, పీకాక్ లేక్, బఫెలో లేక్ అనే చెరువులు. ఆ నేలను బీడు అని కొట్టిపారేయడానికి వీలు లేకుండా చేసినవి ఆ జాబితాలే. పాలపిట్ట గారు అడిగిన ప్రశ్న అందుకే అసలైన ప్రశ్న.

లాయరు_గారబ్బాయి
జాబితా అవసరమే, దానితోనే నేల నిలబడదు. చట్టంలో పట్టుకోదగిన కొమ్మలు కొన్ని ఉన్నాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అనిపించుకునే ప్రతి నేలకూ అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2023 సవరణ ఆ పరిధిని కుదించబోయినప్పుడు, రాష్ట్రాల అడవుల జాబితాలు తేలేదాకా పాత నిర్వచనమే నడవాలని 2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఇవి నరికేవాడి చేతిని కాసేపు పట్టుకునే నిబంధనలు.

నిలకడైన రక్షణ కోరుకుంటే జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షన్ చూడండి. స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన జీకేవీకే ఆవరణను కర్ణాటక ప్రభుత్వం 2010లో ఇలాగే ప్రకటించింది. విశ్వవిద్యాలయ ఆవరణకు ఆ హోదా ఎలా వస్తుందని మీ పాలక మండలిలో ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చాలు. తెలంగాణలో అమీన్‌పూర్ చెరువుకు 2016లో అదే హోదా వచ్చింది.

రాళ్ళగుట్ట
ప్రకటించవలసింది రాష్ట్ర ప్రభుత్వం, నేల కావాలని అడిగేది కూడా చాలాసార్లు రాష్ట్ర ప్రభుత్వమే. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల నేల నుంచి 100 ఎకరాలు తీసి 2024లో శంకుస్థాపన చేసింది దేనికో మీకు తెలియనిది కాదు.

లాయరు_గారబ్బాయి
కొత్త హైకోర్టు భవనాలకు. ఆ సంగతి మా బార్ అసోసియేషన్ క్యాంటీనులో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

హాస్టల్_గది_14
అందరూ చెట్ల గురించీ పిట్టల గురించీ మాట్లాడుతున్నారు, నేను మనుషుల గురించి అడుగుతాను. మా వసతి గృహంలో ఇద్దరికి కట్టిన గదిలో ఐదుగురం ఉంటున్నాం. దూరపు పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకు గది దొరక్క చదువు మానేసిన సందర్భాలు ఉన్నాయి. నలభై ఎకరాలు నక్కలకు వదిలేసి మమ్మల్ని నేల మీద పడుకోమంటే అది న్యాయమని నాకు అనిపించడం లేదు.

మోదుగపూలు_72
మీ కోపం న్యాయమైనదే. కానీ మా ఆవరణలో ఆ నలభై ఎకరాల్లో వసతి గృహం కడతామని ఎవరూ అనలేదు, లాన్ వేస్తామన్నారు. లాన్ మీద ఎవరూ పడుకోరు, దానికి పోసే నీళ్ళు మాత్రం మీ స్నానాల గదికి రావలసిన బోరు నీళ్ళే.

రిటైర్డ్_ఏఈ
గది_14 అబ్బాయికి ఇంజనీరుగా ఒక మాట చెబుతాను. మన ఆవరణల్లో కొత్త భవనం ఎప్పుడూ కొత్త నేల మీదే లేస్తుంది, ఎందుకంటే పాత క్వార్టర్లు పడగొట్టాలంటే శిథిల ధ్రువపత్రం, వేలం, అభ్యంతరాలు, ఇదంతా రెండేళ్ళ పని. ఎవరూ ఉండని పాత ఒంటి అంతస్తు క్వార్టర్ల స్థానంలో ఐదంతస్తుల వసతి గృహం కడితే డ్రైనేజీ, కరెంటు, రోడ్డు అన్నీ అక్కడే ఉంటాయి, ఖర్చు కూడా తగ్గుతుంది. చెట్ల మీద ప్రేమతో చెప్పడం లేదు, అంచనాలు వేసిన అనుభవంతో చెబుతున్నాను.

హాస్టల్_గది_14
ఆ మాట మా వార్డెన్‌కు చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండు.

తుంగభద్ర_తీరం
నేను గడ్డినేలల మీద పరిశోధన చేస్తాను, అందుకే అసలు సమస్య యంత్రాల కంటే ముందే మొదలవుతుందని అంటాను. చెట్టు ఉంటేనే ప్రకృతి అనే భావన మన విశ్వవిద్యాలయాల్లోనే బలంగా ఉంది. దక్కను మీద వర్షం తక్కువ పడే చోట సహజంగా ఉండవలసింది ముళ్ళపొదలూ గడ్డీ కలిసిన నేల. కలివికోడి కథ గుర్తు చేసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. అది ఉండేది దట్టమైన అడవిలో కాదు, మధ్యమధ్య బోడినేల కలిగిన పొదల్లో. దాని కోసం తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది. అలాంటి పొదలు పలచబడినా దానికి నష్టమే, చెట్లు దట్టంగా పెరిగినా నష్టమే. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్టకు కావలసినది కూడా విశాలమైన గడ్డినేలే.

కాబట్టి పొద మధ్యలో గుంట తీసి మొక్క నాటడం రక్షణ కిందికి రాదు. చిట్టడవిని చిట్టడవిగానే ఉంచుతామని విశ్వవిద్యాలయం నిర్ణయించుకుంటే దాని పనులు వేరుగా ఉంటాయి. బయటి నుంచి వచ్చి నేలను ఆక్రమించే సర్కారు తుమ్మను పైపైన నరికితే మొదలు నుంచి మళ్ళీ గుబురుగా లేస్తుంది, కనుక వేరు మొదలుతో సహా పెకలించాలి, వరుసగా కొన్నేళ్ళు కొత్త మొలకలను పీకాలి. అలాగే ఆక్రమించే లాంటానా పొదను కాయలు పండకముందే తీయాలి. బోదగడ్డి ఎండే కాలానికి ముందే బాటల వెంట అగ్గి పాకకుండా వెడల్పాటి చారలు గీయాలి. తీతువులూ కౌజులూ నేల మీదే గుడ్లు పెడతాయి కాబట్టి ఆ నెలల్లో కలుపు పని పెట్టుకోకూడదు. ఎండిపోయిన చెట్టును వంటచెరుకుగా వేలం వేయకుండా నిలబెట్టి ఉంచాలి, గుడ్లగూబలకూ వడ్రంగి పిట్టలకూ ఆ తొర్రలే ఇళ్ళు. వీటిలో దేనికీ ప్రారంభోత్సవం చేయడానికి వీలుండదు, అదే వీటి దురదృష్టం.

పాలపిట్ట
ఎండిన చెట్టుకు రిబ్బన్ కట్టి కత్తిరించే ఉపకులపతి దొరికితే నేను సొంత ఖర్చుతో శాలువా తెస్తాను.

మందకాపరి_మనవడు
మా ఊరు ఒక విశ్వవిద్యాలయం గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ నేల విశ్వవిద్యాలయానికి ఇవ్వకముందు మా తాతల గొర్రెలు మేసిన నేల. సీతాఫలాల కాలంలో మా ఊరి ఆడవాళ్ళు బుట్టలతో కాయలు తెచ్చి సంతలో అమ్ముకునేవారు. గోడ కట్టాక కాపలావాడు గొర్రెల కాపరిని తరుముతాడు, లోపల జేసీబీ తిరిగితే మాత్రం గేటు తీసి దండం పెడతాడు. ఇప్పుడు జీవవైవిధ్యం పేరుతో ఇంకో కంచె వేస్తారేమోనని మావాళ్ళ భయం. ఏ గుండంలో ఏ కాలంలో నీళ్ళు నిలుస్తాయో, ఉడుము ఎక్కడ గుడ్లు పెడుతుందో చెప్పగలిగిన మనుషులు గోడకు ఇవతల ఉన్నారు, వారిని ఏ కమిటీలోనూ చూడలేదు.

మోదుగపూలు_72
మీరు చెప్పింది మా దగ్గర కూడా అక్షరాలా నిజం. మా విద్యార్థులకు గడ్డి జాతులు గుర్తుపట్టడం నేర్పినది పుస్తకాల కంటే పక్క ఊరి కాపరులే. అయితే వేసవిలో గొర్రెలూ మేకలూ ఎన్ని వస్తున్నాయన్న లెక్క కూడా ఉండాలి కదా?

తుంగభద్ర_తీరం
లెక్క ఉండాలి, నిషేధం అక్కర్లేదు. మేత పూర్తిగా ఆగిపోయిన చోట ఎండుగడ్డి పేరుకుని వేసవిలో మంట పెద్దదవుతుంది, విపరీతంగా మేసిన చోట కొత్త మొలక బతకదు. వాన పడిన తొలి నెలల్లో మూసి ఉంచి, గడ్డి విత్తనం రాలిన తర్వాత కోతకూ మేతకూ వంతుల వారీగా అనుమతిస్తే రెండు పక్షాలకూ మేలు. అయితే పశువులు సర్కారు తుమ్మ కాయలు తిని పేడలో విత్తనాలు వదులుతాయి, కనుక ముందు ఆ తుమ్మను తొలగించి ఆ తర్వాతే మందను రానివ్వడం మంచిది. సీతాఫలాలు కోసుకోవడానికి ఊరివారికి రాతపూర్వకంగా హక్కు ఇస్తే, మంట లేచినప్పుడు విశ్వవిద్యాలయం సిబ్బంది కంటే ముందు వారే పరుగెత్తి వస్తారు.

శేషాచలం_నీడ
నేను తిరుపతిలో చదువుతున్నాను. ఇక్కడ కొండ దిగగానే విశ్వవిద్యాలయాల గోడలు మొదలవుతాయి. ఆవరణల్లో చిరుత కనిపించిందన్న వార్త ఇక్కడివారికి కొత్త కాదు. చిరుత కొండ దిగడానికి కారణాల్లో కుక్కలు ఒకటి, కుక్కలు పెరగడానికి కారణం భోజనశాలల వెనుక పారేసే ఎంగిలి. వ్యర్థాలకు మూత పెట్టి ఏ రోజువి ఆ రోజు తరలిస్తే చిరుత భయం తగ్గుతుంది, నేల మీద గూడు కట్టే పిట్టలకూ కాస్త ఊపిరి ఆడుతుంది. మద్రాసు ఐఐటీని కూడా గిండీ అడవిలో నుంచే చెక్కారు, అక్కడ కృష్ణజింకలూ కుక్కలూ ఒకే ఆవరణలో ఉండటం వల్ల వచ్చిన గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. జీవవైవిధ్య కమిటీలో భోజనశాల నిర్వాహకుడు సభ్యుడిగా లేకపోతే ఆ కమిటీ తీర్మానాలు సగమే పనిచేస్తాయని నా అభిప్రాయం.

ఇంకో మాట. శేషాచలం, వెలిగొండ, నల్లమల వంటి కొద్ది కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే మొక్కలు మన చేతికి అందే దూరంలో ఉన్నాయి. ఎర్రచందనం సంగతి అందరికీ తెలుసు. పేరిత అనే సైకస్ గురించి తిరుపతి బయట ఎవరికీ తెలియదు. షర్బత్తు కోసం వేళ్ళతో సహా తవ్వుకుపోయే మారేడు కొమ్ములు కొండ మీద ఏటా పలచబడుతున్నాయి. రాయల్ పామ్ కొనే డబ్బుతో విశ్వవిద్యాలయ నర్సరీలో వీటి మొలకలు పెంచి రైతులకు ఇస్తే, కొండ మీద తవ్వకం కొంతైనా తగ్గుతుంది.

రిటైర్డ్_ఏఈ
చిరుత వస్తే హాజరు పట్టీలో వేస్తారా, అతిథి అధ్యాపకుడి కింద చూపిస్తారా?

శేషాచలం_నీడ
అతిథి అధ్యాపకులకు జీతాలు సరిగా రావు కాబట్టి చిరుత ఒప్పుకోదు.

బే_ఏరియా_బుచ్చిబాబు
నేను కాలిఫోర్నియాలో ఉంటాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన భూమిలోనే సుమారు 1,200 ఎకరాలను జాస్పర్ రిడ్జ్ పేరుతో 1973లో పరిశోధనా సంరక్షణ స్థలంగా పక్కన పెట్టింది. ఎవరు పడితే వారు వెళ్ళడానికి వీల్లేదు, శిక్షణ పొందిన విద్యార్థులూ స్థానికులూ వెంట ఉండి చూపిస్తారు. అక్కడి టైగర్ సాలమాండర్ అనే ఉభయచరం వానాకాలం రాత్రుళ్ళు లగునిటా అనే మడుగుకు చేరడానికి పెద్ద రోడ్డు దాటాలి. కార్ల కింద పడి చస్తున్నాయని ఆ రోడ్డు కిందుగా సన్నటి సొరంగాలు వేశారు. మన దగ్గర కూడా ఇలాంటివి ఎందుకు చేయకూడదు?

రాళ్ళగుట్ట
బుచ్చిబాబు గారూ, ఆ విశ్వవిద్యాలయానికి ఉన్న నిధితో మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ జీతాలు ఇవ్వవచ్చు. ఇక్కడ పెన్షన్లే నెలాఖరుకు అందవు. అమెరికా ఉదాహరణ చూపిస్తే మా పాలక మండలి, "వారికి డబ్బుంది" అని ఒక్క మాటతో దస్త్రం మూసేస్తుంది.

బే_ఏరియా_బుచ్చిబాబు
సొరంగానికి డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. ఈ 1,200 ఎకరాలు కట్టడాలకు ఇవ్వబోమని తీర్మానం రాసుకోవడానికి డబ్బు అక్కర్లేదు కదా? తాబేలు దాటడానికి ప్రహరీ గోడ అడుగున రెండు ఇటుకల ఖాళీ వదిలితే ఎంత అవుతుందో ఏఈ గారే చెప్పాలి.

రిటైర్డ్_ఏఈ
ఇటుకలు మిగులుతాయి. ఆ కంతలోంచి వాన నీరు కూడా పోతుంది కాబట్టి గోడ పడిపోకుండా ఉంటుంది. కట్టేటప్పుడే చెప్పాలి, తర్వాత పగలగొట్టమంటే మళ్ళీ టెండరు.

హాస్టల్_గది_14
జాబితాల దగ్గరికి వస్తాను. మా జంతుశాస్త్ర విభాగంలో ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు "ఆవరణలోని పక్షులు" అని ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తారు. ముందు బ్యాచ్ రాసినదే కొంచెం అటూ ఇటూ మార్చి బైండింగ్ చేయిస్తారు, వైవా అయ్యాక ఆ ప్రతులు మెట్ల కింద గదిలో చెదలకు ఆహారం అవుతాయి. ఆ చెదలు కూడా జీవవైవిధ్యమే అంటే నేను చెప్పగలిగిందేమీ లేదు. నిజంగా చూసి రాసిన ప్రాజెక్టులు కూడా కొన్ని ఉన్నాయి, వాటిలోని సమాచారం ఎవరికీ అందదు.

మోదుగపూలు_72
ఇది అన్నిటికంటే సూటిగా తగిలిన మాట. మా విభాగంలోనూ అదే స్థితి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోని హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండారం), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం హెర్బేరియం వంటివి నిలిచాయంటే, ప్రతి నమూనాకూ చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాసి, తర్వాత వచ్చినవారు తెరిచి చూడగలిగేలా భద్రపరిచినందువల్లే. ఒక్కో విద్యార్థి ఒక్కో కొత్త అంశం ఎంచుకోవాలన్న పట్టుదల వదిలేసి, అదే బాట, అదే పొద, అదే నెల చొప్పున ఏటా తిరిగి చూసే పనికి మార్కులు ఇస్తే బాగుంటుంది.

తుంగభద్ర_తీరం
ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి 1942లో దానంగా వచ్చిన విథమ్ అడవిలో చేసినది అదే. 1947 నుంచి గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు ఎప్పుడు గుడ్లు పెడుతున్నాయో ఏటా రాస్తూ వచ్చారు. వసంతం ముందుకు జరిగేకొద్దీ ఆ పిట్టలు కూడా ముందుగా గుడ్లు పెడుతున్నాయన్న సంగతి ఆ రాతల వల్లే తెలిసింది. ఏ మూడేళ్ళ ప్రాజెక్టులోనూ అది బయటపడదు. మన దగ్గర తంగేడు ఎప్పుడు పూస్తోందో, దాని పుప్పొడిని రెక్కల కంపనంతో దులిపే గండుతుమ్మెదలు ఎప్పుడు వస్తున్నాయో వరుసగా ముప్పై ఏళ్ళు రాసిన విశ్వవిద్యాలయం ఉంటే దాన్ని ఖాళీ స్థలం అనడానికి ఎవరికీ నోరు రాదు.

రాళ్ళగుట్ట
నోరు వస్తుంది. నేను చూశాను. కానీ అవతలివారు కోర్టులో జవాబు చెప్పుకోవలసి వస్తుంది, తేడా అంతే.

వేదిక_నిర్వాహకులు
కంచ గచ్చిబౌలి విషయంలో ఏ పార్టీ ఏం చేసిందన్న నాలుగు సందేశాలను తొలగించాం. దానికి వేరే చర్చ ఉంది, ఇక్కడ ప్రశ్నకు సమాధానాలు కొనసాగించండి.

రిటైర్డ్_ఏఈ
మేడమ్ గారికి పనికొచ్చే మాట ఒకటి. ప్రతి విశ్వవిద్యాలయంలో ఎస్టేట్ విభాగం దగ్గర భూముల రిజిస్టరు ఉంటుంది. అందులో మీ నలభై ఎకరాల ఎదురుగా "ఖాళీ" అని రాసి ఉంటుంది, బృహత్ ప్రణాళిక పటంలో దానికి తెల్లరంగు వేసి ఉంటుంది. తెల్లరంగు చూసిన ప్రతి కొత్త ఉపకులపతికీ అక్కడ ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. మీరు ముందు ఆ రిజిస్టరులో "క్షేత్ర అధ్యయన స్థలం, వృక్ష, జంతుశాస్త్ర విభాగాలు" అని మార్పించండి, పటంలో ప్రయోగశాలకు వేసే రంగే దానికీ వేయించండి. పాఠ్య ప్రణాళికలో ఆ స్థలంలో జరిగే ప్రాక్టికల్స్ పేర్లు రాయించండి. ప్రయోగశాలను పడగొట్టాలంటే విభాగాధిపతి సంతకం కావాలి, ఖాళీ స్థలానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. హరిత తనిఖీ నివేదికలో కూడా నాటిన మొక్కల సంఖ్య బదులు ఉన్న జాతుల సంఖ్యను చూపించండి, న్యాక్ బృందానికి అది కొత్తగా ఉంటుంది, మీకు ఒక "ఉత్తమ ఆచరణ" కూడా దొరుకుతుంది.

లాయరు_గారబ్బాయి
ఏఈ గారు నా కంటే మంచి న్యాయవాది. ఒక్కటే కలుపుతాను: పాలక మండలి తీర్మానాన్ని తర్వాతి పాలక మండలి రద్దు చేయగలదు. అందుకే తీర్మానం ప్రతిని రాష్ట్ర జీవవైవిధ్య మండలికి 37వ సెక్షన్ కింద ప్రతిపాదనతో పంపండి, పక్క పంచాయతీలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ తయారు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ జాబితా చేర్పించండి. ఒకే సమాచారం మూడు కార్యాలయాల్లో ఉంటే ఒకచోట మాయమైనా రెండుచోట్ల దొరుకుతుంది.

మందకాపరి_మనవడు
మా పంచాయతీలో ఆ కమిటీ ఉందో లేదో సర్పంచ్‌కే తెలియదు. అడిగితే, ఎవరో వచ్చి సంతకాలు పెట్టించుకుపోయారని చెప్పాడు. అయినా మేడమ్ గారి విద్యార్థులు పుస్తకం పట్టుకుని ఊళ్ళోకి వస్తే, గడ్డి పేర్లు చెప్పడానికి మా పెద్దవాళ్ళు సిద్ధంగా ఉంటారు. రిజిస్టరులో ఆ చెప్పినవారి పేర్లు కూడా రాయాలి.

మోదుగపూలు_72
ఇన్ని అభిప్రాయాల నుంచి నేను రాసుకున్న పని ఇది. పాలక మండలి సమావేశానికి ముందు భూముల రిజిస్టరులో మార్పు కోరుతూ రెండు విభాగాల తరఫున నోట్ పెడతాం, దానికి జీకేవీకే ఉదాహరణనూ మొక్కల జాబితానూ జతచేస్తాం. లాన్ ప్రతిపాదనకు బదులు ప్రధాన ద్వారం పక్కన ఇప్పటికే చదునుగా ఉన్న రెండెకరాల్లో స్థానిక మొక్కల నర్సరీ పెట్టమని అడుగుతాం, దాంతో మార్చి 31 లోపు ఖర్చు కూడా అవుతుంది. పాత క్వార్టర్ల స్థానంలో వసతి గృహం అన్న ప్రతిపాదనను విద్యార్థి సంఘం విడిగా ఇస్తుంది, మేము మద్దతు సంతకాలు చేస్తాం. సీతాఫలాల హక్కు మాట నోట్‌లో రాస్తే ఇప్పుడే గొడవ అవుతుందని మా విభాగాధిపతి అంటున్నారు, నేను మాత్రం రాయాలనే అనుకుంటున్నాను.

మందకాపరి_మనవడు
రాయండి. ఇప్పుడు రాయకపోతే తర్వాత ఎవరూ రాయరు.

హాస్టల్_గది_14
విద్యార్థి సంఘం కాగితం నమూనా ఏఈ గారు ఇక్కడ పెడితే మా ఆవరణలో కూడా ఇస్తాం. శిథిల ధ్రువపత్రం ఎవరు ఇస్తారో కూడా చెప్పండి.

రిటైర్డ్_ఏఈ
రోడ్లు, భవనాల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరు పరిశీలించి ఇస్తారు. నమూనా రేపు పెడతాను.

పాలపిట్ట
మేడమ్ గారూ, జంతువుల జాబితాను ఒక్క వేసవిలో చూసినవాటితో ముగించకండి. శీతాకాలంలో వలస వచ్చే పిట్టలు, తొలివానలకు బయటికి వచ్చే కప్పలు, ఎర్ర ఆరుద్ర పురుగులు అన్నీ వేసవి జాబితాలో ఉండవు. ఫిబ్రవరిలో జరిగే ఆవరణ పక్షుల గణనకు మీ విశ్వవిద్యాలయం పేరు నమోదు చేయించండి. తీతువు గూళ్ళ ఫోటోలు పెట్టేటప్పుడు కచ్చితమైన చోటు మాత్రం బయటపెట్టవద్దు.